అరువు చేతులు

ఈ ఊళ్లో నా చేతులు లేని పెద్దింటి హాలు లేదు. గొప్పకు చెప్పడం లేదు, కావాలంటే వెళ్లి చూసుకోండి. ఆడపిల్లల కాలేజీలో ప్రిన్సిపాలుగారి బొమ్మ ఉంది, ఒళ్లో పుస్తకం మీద ఆనించిన ఆ చేతులు నావి. బ్యాంకులో మెట్లెక్కగానే ఎదురయ్యే పెద్దావిడ చేతులు నావి. కోర్టు హాల్లో జడ్జిగారి చేతులు కూడా నావే. కాకపోతే మా ఆయన వాటిని కాస్త లావు చేసి, పైన నాలుగు వెంట్రుకలు తగిలించారు.

మా ఆయన మనుషుల బొమ్మలు వేస్తారు. అదే ఆయన వృత్తి. బొమ్మ వేయించుకునే పెద్దమనుషులకు తీరిక తక్కువ. మొహం వరకూ ఎలాగో ఓపిక పట్టి కూర్చుంటారు. కళ్లూ ముక్కూ వచ్చేశాయని తెలియగానే గడియారం చూసుకుని, "మిగతాది మీరు కానిచ్చేయండి" అని కారెక్కుతారు. ఆ మిగతాది నేనే. వాళ్లు లేచిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, వాళ్ల మొహం కింద నా చేతులు వేస్తారు. ఇందులో మోసం ఏమీ లేదట, ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదేనట. ఆయనే చెప్పారు కాబట్టి నమ్మాలి.

ఒక ప్లీడరుగారింట్లో అత్తాకోడళ్లకు క్షణం పడదు. ఇద్దరి బొమ్మలూ హాల్లో పక్కపక్కనే పెట్టారు. ఇద్దరికీ నా చేతులే. ఆ ఇంటికి వచ్చినవాళ్లు, "ఆ చేతులు చూశారా, అత్తగారి పోలిక ఎలా దిగిపోయిందో కోడలికి!" అని మెచ్చుకుంటారట. ఆ మాట విన్న రోజల్లా కోడలు భోజనం చేయలేదని పనిమనిషి చెప్పింది. నేను మాత్రం కడుపు పట్టుకుని నవ్వాను.

నిజానికి నేను ఒకచోట కూర్చునే రకం కాదు. కాలుగాలిన పిల్లి అనేది మా అమ్మ. పెళ్లయి వచ్చాక మా అత్తగారు, "కుర్చీలో ముళ్లేమైనా ఉన్నాయా అమ్మాయ్?" అని అడిగేవారు. భోజనం కూడా నిలబడే చేస్తాను. బస్సులో సీటు దొరికినా రెండు స్టాపులు దాటేసరికి లేచి తలుపు దగ్గరికి పోతాను. అలాంటిదాన్ని ఆయన బొమ్మలు వేసే గదిలో, ఆ కుర్చీలో మాత్రం మధ్యాహ్నం ఎండ మెత్తబడినప్పటి నుంచి వెలుతురు పోయేదాకా రాయిలా కూర్చుంటాను. వేలు కాస్త జరిగితే చాలు, "కదలకు" అంటారు ఆయన. కదలను.

ఎందుకంటే ఆ వేళ ఆయన మాట్లాడతారు. మిగతా రోజంతా బెల్లం కొట్టిన రాయే. పలకరిస్తే ఊఁ, ప్రశ్నిస్తే ఉహూఁ. చేతులు వేసేటప్పుడు మాత్రం ఎక్కడి నుంచి వస్తాయో మాటలు! అమ్మాయి ఫోన్ చేసిందా అంటారు. చిన్నప్పుడు వాళ్ల నాన్న సైకిల్ మీద నుంచి పడ్డ సంగతి చెబుతారు. ఇంతకుముందు చెప్పిందే మళ్లీ చెబుతారు, నేనూ మొదటిసారి విన్నట్టు వింటాను. మా ఇద్దరికీ రోజు మొత్తం మీద ఉన్నది ఆ కాసేపే.

అందుకే వేళ్లు వాచడం మొదలైనప్పుడు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

మొదట చూపుడు వేలు కణుపు. ఏదో తగిలి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత దాని పక్కది. తర్వాత పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకోవడం మానేసింది. ఉంగరాన్ని సబ్బు రాసి ఊడబీకి బట్టల బీరువాలో పడేశాను. మధ్యాహ్నం ఆయన రంగులు కలుపుకునే వేళకు నేను స్నానాలగది తలుపు వేసుకుని, చేతులు వేడినీళ్లలో ముంచి కూర్చునేదాన్ని. వాపు కాస్త దిగేది. తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్లి కుర్చీ ఎక్కేదాన్ని. వాచిన వేళ్లతో బొమ్మకు పనికిరాను కదా. ఆయన వేరే ఎవరి చేతులో చూసుకుంటారు. నా చేతులు అక్కర్లేకపోతే ఆ గదిలో నాకేం పని? మళ్లీ ఊఁ, ఉహూఁ. ఆ భయంతో సంవత్సరం పైగా నెట్టుకొచ్చాను.

ఇలా ఉండగా పెద్ద నర్సమ్మ బొమ్మ పని వచ్చింది.

పెద్ద నర్సమ్మంటే మా పెద్దాసుపత్రి పురుళ్ల వార్డులో పని చేసి రిటైరైన ఆవిడ. ఈ ఊళ్లో సగం మంది మొదట చూసిన మొహం ఆవిడదే. ఆసుపత్రివాళ్లు ఆవిడ బొమ్మ వేయించి వార్డులో పెట్టాలనుకున్నారు. చేతుల్లో అప్పుడే పుట్టిన బిడ్డతో ఉండాలన్నారు. మా అమ్మాయి ఎదురుకాళ్లతో పుట్టింది. డాక్టరు వచ్చేలోపు దాన్ని బయటికి తెచ్చింది ఆవిడే. ఆ రాత్రి నాకు ఆవిడ మొహం కనిపించలేదు, చేతులే తెలిశాయి. పొట్టి వేళ్లు, వెడల్పాటి అరచేతులు, వెనక్కి వంగిన బొటనవేలు, కడిగి కడిగి తెల్లబడిపోయిన చర్మం.

కుదురుగా కూర్చోలేకపోవడంలో ఆవిడ నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. "ఏమయ్యా, ఇంకా ముక్కు దగ్గరే ఉన్నావా? ఈపాటికి నేను ఇద్దరికి పురుడు పోసేదాన్ని" అనేది. మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు గీసుకుంటూ పోయేవారు. ఆవిడ లేచి కిటికీ తీసేది, మూసేది, కాన్వాసు దగ్గరికొచ్చి, "ఇంత వయసుందా నాకు?" అని దబాయించేది. మొత్తానికి మొహం పూర్తయింది. బాగా వచ్చింది కూడా. చూస్తుంటే ఇప్పుడే మనల్ని తిడుతుందేమో అన్నట్టు ఉంది.

చేతులు వేసే ముందు ఆవిడ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కాలికి కట్టు, మంచానికి బందీ. ఆసుపత్రివాళ్లు అప్పటికే సభ పెట్టి అందరినీ పిలిచేశారు. మా ఆయనకు ఇందులో కంగారేమీ కనిపించలేదు. ఇంట్లో చేతులు ఉన్నాయి కదా.

ఆ మధ్యాహ్నం ఒక తువ్వాలును బిడ్డంత చుట్టి నా చేతికిచ్చారు. "ఎడమచెయ్యి తల కింద. కుడిచెయ్యి నడుం కింద. ఎడమచేతి వేళ్లు బాగా విప్పు" అన్నారు.

వేళ్లు విప్పాలట! పొద్దున సీసా మూత విప్పలేక తలుపు సందులో ఇరికించి తిప్పుకున్నాను. ఒళ్లో పెట్టుకున్న చేతులైతే ఎలాగో దాచవచ్చు. బల్ల మీద ఆనించినా దాచవచ్చు. గాల్లో విప్పిన వేళ్లను ఎక్కడ దాచను? ప్రయత్నించాను. కణుపుల్లో నిప్పులు పోసినట్టయింది. తువ్వాలు బల్ల మీద పడేసి లేచి నిలబడ్డాను.

"ఇవ్వను" అన్నాను.

"ఏం?"

"ఆవిడకి నా చేతులు పెడతారా? ఆ చేతులే కదా మన అమ్మాయిని బయటికి లాగింది! జడ్జిగారికి ఎవరి చేతులైతే ఏం, ఆయన సంతకమేగా పెట్టేది. ఈవిడ బతుకంతా చేతులే. ఈ బొమ్మ పెట్టేది ఎక్కడ? పురుళ్ల వార్డులో. అక్కడ ఆయాలకి తెలీదా ఇవి ఆవిడవి కావని? పైకి అనకపోయినా లోపల నవ్వుకోరూ?"

ఇలా చాలాసేపు ధర్మపన్నాలు వల్లించాను. అన్నవన్నీ నిజాలే. కానీ వేళ్లు విప్పగలిగి ఉంటే ఒక్క నిజమూ నా నోటి వెంట వచ్చేది కాదు. ఆయన అంతా విన్నారు. తువ్వాలు వంక చూశారు, కాన్వాసు వంక చూశారు. చివరికి బ్రష్షు తుడుచుకున్నారు.

"నిజమే. పద, వాళ్లింటికి వెళ్దాం" అన్నారు.

తీసిన గోతిలో నేనే పడ్డాను. ఆయన ఎవరింటికీ వెళ్లి బొమ్మ వేసిన మనిషి కాదు. అందరి చేతులూ ఎవరివి వాళ్లవే కావాలని ఈ పూటతో మొదలైతే, నా కుర్చీకి నేనే నీళ్లు వదులుకున్నట్టు.

"మీరు వెళ్లండి, నాకు పనుంది" అన్నాను.

"నువ్వు రాకపోతే ఆవిడతో ఎవరు మాట్లాడతారు?" అన్నారు, అప్పటికే చెప్పులు వేసుకుంటూ.

నర్సమ్మ ఇల్లు ఒక మేడ మీద వాటా. తలుపు తీసే ఉంది. రెండు దిండ్ల మీద కాలు పెట్టుకుని, చేతికర్రతో మంచం కోడును టకటకా కొడుతోంది ఆవిడ. "వచ్చారా! ఇంకాసేపు ఇలాగే ఉంటే ఈ గోడలకి పాఠాలు చెప్పేదాన్ని" అంది. మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, బొగ్గుముక్క తీశారు. వచ్చిన పని చెప్పి, పట్టుకోమని ఆవిడకు ఒక చిన్న దిండు అందించారు.

ఆవిడ దిండును అటూ ఇటూ తిప్పి విసిరేసింది. "దీనికి బరువేదీ? ఉత్త దూది పట్టుకుంటే చేతులు అబద్ధం చెబుతాయి నాయనా. అమ్మాయ్, ఇలా రా. రెండు చేతులూ కలిపి పిడికిలి పట్టు. పాపాయి తల అంతే ఉంటుంది."

"నేనా? వద్దులెండి, నేను..."

"రా అంటుంటే!"

ఆవిడ రా అంటే రానివాళ్లు ఈ ఊళ్లో పుట్టలేదు. వెళ్లి మంచం పక్కన నిలబడి, వేళ్లు వీలైనంత ముడిచి చాపాను. ఆవిడ ఎడమ అరచెయ్యి కింద పెట్టి నా పిడికిలిని ఎత్తి పట్టుకుంది. వేళ్లు విచ్చుకుని చుట్టూ సర్దుకున్నాయి. ఎంత వెచ్చగా ఉన్నాయో ఆ చేతులు! నాకు ఆ పాత రాత్రి గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. బొగ్గు గీతల చప్పుడు మొదలైంది. అంతలో ఆవిడ బొటనవేలు తనంతట తనే కదిలింది, బిడ్డ మాడు తడిమే అలవాటు కాబోలు. సరిగ్గా కణుపు మీద నొక్కింది.

"అమ్మా!" అని అరిచేశాను.

ఆవిడ నా పిడికిలి విప్పింది. ఒక్కొక్క వేలూ తీసి వెలుతురులో పెట్టి చూసింది. "ఎన్నాళ్ల నుంచి ఇది?"

"నిన్న బకెట్టు ఎత్తుతుంటే ఎక్కడో..."

"నాకు చెప్పకు కబుర్లు. ఇది నిన్నటి వాపు కాదు. పొద్దున లేవగానే బిగుసుకుపోతున్నాయా? ముందు ఏ వేలికి వచ్చింది?"

 ఆయన ముందు, ఆయనకు రెండడుగుల దూరంలో, నా చేతులు అలా బయటపడిపోయాయి.  నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

"చూపుడు వేలికండీ, కుడిచేతికి" అన్నారు మా ఆయన.

తలెత్తి చూశాను. ఆయన తల ఎత్తలేదు. బొగ్గుముక్క ఆగలేదు.

"పోయిన చలికాలంలో మొదలైంది. తర్వాత దాని పక్క వేలు. ఎడమచేతికి ఈ మధ్యే వచ్చింది. పొద్దునపూట ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది. మధ్యాహ్నం వేడినీళ్లలో పెట్టుకుంటుంది."

 నర్సమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది.

"అన్నీ తెలిసి డాక్టరుకి చూపించలేదేం మరి?"

"తను నాకు చెప్పలేదండీ."

"చక్కటి జంట! ఒకరు దాచేవాళ్లు, ఒకరు దాచనిచ్చేవాళ్లు" అంది ఆవిడ. తమ ఆసుపత్రిలో కీళ్ల డాక్టరుకి తాను ఫోన్ చేస్తానని, రేపే వెళ్లకపోతే కర్ర పుచ్చుకుని మా ఇంటికొస్తానని బెదిరించింది. "ఊఁ, పట్టు మళ్లీ. మెల్లిగా పట్టుకుంటాలే."

మళ్లీ పిడికిలి చాపాను. ఆయన గీస్తూనే ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది, కానీ చేతులు ఆవిడ చేతుల్లో ఉన్నాయి. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా ఇరుక్కుపోయాను.

మేడ మెట్లు దిగి వీధిలోకి రాగానే ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాను.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే కూర్చోబెట్టారా? ఆ ఇంజనీరుగారి భార్య బొమ్మకని నా చేతికి పువ్విచ్చి మణికట్టు వంచి పట్టుకోమంటే ప్రాణాలు కడబట్టాయి నాకు! అయినా ఆ బొమ్మలో వేళ్లు మల్లెమొగ్గల్లా ఉన్నాయే? ఎవరివి చూసి వేశారు?"

"నీవే. నీ చేతులు నాకు చూడకుండా వచ్చు. ముప్పై ఏళ్ల నుంచీ వేస్తున్నాను."

"చూడకుండానే వస్తే మరి కదలకు, కదలకు అని ఎందుకు నా ప్రాణం తీశారు?"

ఆయన అట్టను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు.

"అనకపోతే లేచి వెళ్లిపోతావు కదా" అన్నారు.

అక్కడికక్కడే కరిగిపోయానని చెబితే బాగుంటుంది. కరగలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాది పాటు ఆ కుర్చీలో పళ్ల బిగువున నొప్పి ఓర్చుకున్నాను, ఈ మనిషి నా వేళ్లను చూస్తూ, వాటిని వేయకుండా, వాళ్ల నాన్న సైకిల్ కథ చెబుతూ కూర్చున్నారు.

"చెప్పొచ్చుగా! నొప్పిగా ఉంటే ఊరికే కూర్చో అని ఒక్క మాట అనొచ్చుగా!" గొంతు పెరిగింది. బట్టల కొట్టతను బయటికొచ్చి మరీ చూశాడు. చూస్తే చూడనీ అనుకున్నాను.

"ఊరికే అంటే నువ్వు కూర్చుంటావా? నీకు ఏదో ఒక పని ఉండాలి" అన్నారు. "నొప్పి సంగతి ఎత్తితే మానేస్తావని భయమేసింది."

"నేను ఎత్తితే మీరు మాన్పిస్తారని నాకు భయం!"

అనేశాక ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నవ్వు రాలేదు. సిగ్గనిపించింది, జాలేసింది, ఎవరి మీదో చెప్పలేను. ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఉండి, ఇద్దరం ఒకే భయాన్ని చెరో మూల దాచుకున్నాం.

నేను నడక మొదలుపెట్టాను. నా నడక ఆయన ఎప్పుడూ అందుకోలేరు. ఆ రోజు ఇంకా జోరుగా నడిచాను. కొంత దూరం పోయాక ఆగి వెనక్కి తిరిగి అన్నాను. "ఇకనుంచి నా చేతులు ఇవ్వను."

"వద్దు."

"ఎవరివి వేస్తారు?"

"ఎవరివి వాళ్లవే. తీరిక ఉన్నవాళ్లు కూర్చుంటారు."

"లేనివాళ్లు?"

"జేబుల్లో పెట్టిస్తాను."

ఇంకొకప్పుడైతే నవ్వేదాన్ని.  "అయితే మధ్యాహ్నాలు నేను మీ గదికి ఎందుకు రావాలి? ఏం పని మీద?"

ఆయన నా దగ్గరికి వచ్చారు. కాస్త ఆయాసం తీర్చుకున్నారు.

"పనేం లేదు. ఊరికే రా" అన్నారు.

పుట్టిన దగ్గర నుంచి నన్ను ఎవరూ ఊరికే రమ్మని పిలవలేదు. అమ్మ పిలిస్తే తమ్ముణ్ణి ఎత్తుకోమని. అత్తగారు పిలిస్తే కళ్లద్దాలు వెతకమని. అమ్మాయి ఫోన్ చేసినా ముందు అవసరం చెప్పి, తర్వాత ఎలా ఉన్నావంటుంది.  తిరిగి ఇంటి వైపు నడిచాను.

బొమ్మ పూర్తయింది. సభకు నర్సమ్మను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. తెర తీయగానే ఆసుపత్రి కమిటీ పెద్దమనిషి ఒకాయన, "మొహం అద్భుతం. చేతులే, కాస్త మొరటుగా..." అని నసిగాడు. "మొరటువే నాయనా. వాటితోనే నిన్ను బయటికి లాగాను" అంది నర్సమ్మ. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, కానీ నా చూపు మా ఆయన మీదే ఉంది. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు, వెలుతురు ఎంత మిగిలి ఉందో అని.

మాత్రలు వేసుకుంటున్నాను. వాపు దిగుతూ ఉంటుంది, మళ్లీ వస్తూ ఉంటుంది. డాక్టరు పూర్తిగా పోదన్నాడు. మూడు రోజులు నేను ఆ గది వైపు వెళ్లలేదు. అలమరా సర్దాను, సర్దిన అలమరా మళ్లీ సర్దాను. గుమ్మం దాకా వెళ్లి, చీపురు కోసం వచ్చినట్టు నటించి వెనక్కి వచ్చాను. ఆయన పిలవలేదు. పిలిచింది ఒకసారే కదా, ఎన్నిసార్లు పిలుస్తారు?

నాలుగో రోజు వెళ్లాను.

బొమ్మలో ఎవరిదో కోటుకు రంగు వేస్తున్నారు ఆయన. తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నారు. కుర్చీ ఉన్నచోటే ఉంది. కూర్చున్నాను. పట్టుకోవడానికి పుస్తకం లేదు, పువ్వు లేదు, తువ్వాలు లేదు. కాసేపటికి లేచి తెర సర్దాను. వచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచి, నేల మీద పడ్డ గుడ్డపీలిక తీసి బల్ల మీద పెట్టాను. ఆయన "కదలకు" అనలేదు. అంటే బాగుండుననిపించింది. నొప్పితో కూర్చున్నప్పుడే సులువుగా ఉండేది, దేవుడా!

"అమ్మాయి ఫోన్ చేసిందా?" అన్నారు, కాన్వాసు వైపు చూస్తూనే.

"చేసింది" అన్నాను. ఏం చెప్పిందో మొదలుపెట్టాను. చేతులు ఒళ్లో పెట్టుకుంటే ప్రిన్సిపాలుగారి బొమ్మలా ఉంది. కుర్చీ చేతుల మీద పెడితే ప్లీడరుగారింటి అత్తగారి బొమ్మలా ఉంది. వెలుతురు పోయేదాకా అమ్మాయి కబుర్లు చెబుతూనే ఉన్నాను, నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.